అలకకూ ద్రోహానికీ నడుమ

దేశ రహస్యాలను పరాయి దేశానికి చేరవేశాడన్న ఆరోపణతో ఎవరో ఒక కుర్రవాడు అరెస్టయ్యాడని పత్రికలో వచ్చిన ప్రతిసారీ, ఒడిశాలోని మా పర్లాకిమిడిలో టీ కొట్టు దగ్గర వినిపించే మొదటి మాట "ఎంత తీసుకున్నాడట?" అన్నదే. డబ్బు కోసమే చేసి ఉంటాడని అందరూ ముందే తేల్చేసుకుంటారు, కొన్ని కేసుల్లో అది నిజం కూడా కావచ్చు. కానీ ఈ విషయం మీద కొన్నేళ్లుగా దొరికినంత మేరకు చదువుతూ వస్తున్న నాకు, ఇరవై ఏళ్ల ప్రాయంలో ఈ దారి పట్టినవాళ్ల కథల్లో డబ్బు కంటే ముందు మరొకటి కనిపించింది. తాము నమ్మినదాని మీద నమ్మకం పోవడం, ఆ సంగతి చెప్పుకోవడానికి మనిషి దొరక్కపోవడం, సరిగ్గా ఆ సమయంలో ఓపిగ్గా వినేవాడొకడు అవతలి పక్షం నుంచి ఎదురుపడడం. ఈ మూడూ కలిసినచోట ప్రమాదం పుడుతోందని నా అభిప్రాయం.

అందరికంటే ఎక్కువగా నన్ను ఆలోచనలో పడేసింది అమెరికాలో 1977లో బయటపడిన క్రిస్టఫర్ బాయ్స్ ఉదంతం. అతని తండ్రి ఎఫ్‌బీఐలో పనిచేసి విరమించిన అధికారి. చదువు మీద నిలకడ లేని కొడుక్కి ఆ తండ్రి తన పరిచయాల ద్వారానే 1974లో కాలిఫోర్నియాలోని టీఆర్‌డబ్ల్యూ అనే రక్షణ రంగ సంస్థలో చిన్న గుమాస్తా ఉద్యోగం వేయించాడు. ఆ సంస్థ అమెరికా గూఢచార సంస్థ సీఐఏ కోసం గూఢచార ఉపగ్రహాలను తయారుచేసేది. అప్పటికి బాయ్స్ వయసు 21 ఏళ్లు. వియత్నాం యుద్ధం గురించి ప్రభుత్వం చెప్పిన మాటల్లో అబద్ధాలెన్నో బయటపడి, వాటర్‌గేట్ వ్యవహారంలో 1974 ఆగస్టులో నిక్సన్ అధ్యక్ష పదవికి రాజీనామా చేసిన రోజులవి. ఆ తరం పిల్లలకు ప్రభుత్వం మీద విశ్వాసం అడుగంటిపోయి ఉంది. అటువంటి కాలంలో అటువంటి కుర్రవాణ్ని కొద్ది నెలల్లోనే రహస్య సందేశాలు వచ్చిపోయే గదిలో కూర్చోబెట్టారు. ఆ గదిలోకి వెళ్లడానికి అనుమతి ఉన్నవాళ్లు బహు కొద్దిమంది. తీరా చూస్తే, రహస్య పత్రాలను నాశనం చేయడానికి ఉంచిన యంత్రంలోనే అక్కడివాళ్లు మద్యం కలుపుకునేవారట. లోకానికి కనబడని ఆ గదిని ఎంతో పవిత్రంగా ఊహించుకుని వెళ్లిన పిల్లవాడికి ఆ దృశ్యం ఏం నేర్పి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఆ గదిలో తాను చూడకూడని కొన్ని సందేశాలు చూశాననీ, మిత్రదేశమైన ఆస్ట్రేలియా రాజకీయాల్లో సీఐఏ వేలు పెడుతున్నట్టు వాటివల్ల తెలిసిందనీ, దానితో మనసు విరిగిపోయిందనీ బాయ్స్ తరువాత చెప్పుకున్నాడు. ఆస్ట్రేలియాలో ప్రజలు ఎన్నుకున్న ప్రధాని గాఫ్ విట్లమ్‌ను 1975 నవంబరు 11న, అక్కడ బ్రిటిష్ రాణి ప్రతినిధి అయిన గవర్నర్ జనరల్, ప్రధాని పదవి నుంచి తొలగించాడు. బాయ్స్ చెప్పినదంతా ఉన్నదున్నట్టు నమ్మవలసిన పని లేదు, పట్టుబడినవాడు తన పనికి గొప్ప కారణం వెతుక్కోవడం సహజం. అయినా అతని మాటలను సగానికి తగ్గించి చూసినా, ఆ వయసు కుర్రవాడు అలాంటి సంగతి తెలిసి కుమిలిపోవడంలో తప్పేమీ నాకు కనబడదు. ఆ కుమిలిపోవడంలో మంచితనమే ఉంది. తన దేశం నీతి తప్పిందని బాధపడేవాడికి ఆ దేశం మీద ప్రేమ ఉన్నట్టే కదా.

తప్పు ఆ తరువాతి అడుగులో ఉంది. ఆ సంగతిని పత్రికకు చెప్పలేదు, ప్రజాప్రతినిధికి చెప్పలేదు, కనీసం ఉద్యోగమైనా మానేయలేదు. చిన్ననాటి స్నేహితుడు, మాదకద్రవ్యాల వ్యాపారంలో ఉన్న డాల్టన్ లీ చేతికి పత్రాలిచ్చి, మెక్సికో నగరంలోని సోవియట్ రాయబార కార్యాలయానికి పంపి, డబ్బు తీసుకున్నాడు. ఆస్ట్రేలియా ప్రజాస్వామ్యంలో పరాయివాడు జోక్యం చేసుకున్నందుకు కోపగించినవాడు, 1968లో ప్రాగ్ వీధుల్లోకి యుద్ధ ట్యాంకులను నడిపించిన ప్రభుత్వానికి సరుకు అమ్మాడు. ఈ వైరుధ్యం అతనికి తోచలేదా అని నేను చాలాసార్లు అనుకున్నాను. తోచే ఉంటుంది. కానీ కోపం మొత్తం ఒకవైపే చూస్తున్నప్పుడు రెండోవైపు ఉన్నవాడి చేతులు ఎలా ఉన్నాయో మనిషి చూడడు. 1977 జనవరిలో లీ ఆ కార్యాలయం బయటే మెక్సికో పోలీసులకు చిక్కాడు, కొద్ది రోజులకే బాయ్స్ కూడా దొరికాడు. లీకి యావజ్జీవ శిక్ష, బాయ్స్‌కు 40 ఏళ్ల శిక్ష పడ్డాయి. బాయ్స్ 1980లో జైలు నుంచి పారిపోయి, బ్యాంకులు దోచి, 1981లో మళ్లీ పట్టుబడ్డాడు. 21 ఏళ్లప్పుడు ఆ గదిలో అడుగుపెట్టినవాడు పెరోల్ మీద బయటికి వచ్చేసరికి 2002 అయింది.

ఇంతకంటే నన్ను పట్టి నిలబెట్టింది 1985లో అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు అతను ఇచ్చిన వాంగ్మూలం. గూఢచర్యంలో ఉత్సాహం గానీ సాహసం గానీ ఏమీ లేదనీ, మిగిలిందల్లా దిగులూ, తన గురించి ఏమాత్రం పట్టని ఒక పరాయి యంత్రాంగానికి ఊడిగమూ మాత్రమేననీ అతను అక్కడ చెప్పాడు. అంటే తన ప్రభుత్వం మనిషిని లెక్కచేయదన్న కోపంతో బయలుదేరి, మనిషిని అంతకన్నా లెక్కచేయని ఇంకొక ప్రభుత్వం చేతిలో పడ్డాడు. అది తెలిసేటప్పటికి వెనక్కి రావడానికి దారి కనబడలేదు. ఆ దారి గురించి తరువాత మళ్లీ రాస్తాను, నా మనసులో ఉన్న అసలు సంగతి అదే.

అందరూ బాయ్స్ లాంటివాళ్లే అనను. అమెరికా అణుబాంబు తయారుచేస్తున్న లాస్ అలమోస్‌లో 1944లో చేరిన థియోడర్ హాల్‌కు అప్పటికి 18 ఏళ్లు. అంత వినాశకరమైన ఆయుధం ఒక్క దేశం చేతిలోనే ఉంటే లోకానికి ముప్పని భావించి, 19 ఏళ్ల వయసులో సోవియట్ మనుషులకు వివరాలు అందించాడు. అతని మీద ఎన్నడూ కేసు నడవలేదు, 1999లో మరణించాడు. లోకం మొత్తానికీ సంబంధించిన ఒక నిర్ణయాన్ని ఆ వయసువాడు ఎవరినీ అడగకుండా ఒంటరిగా తీసుకోవడాన్ని నేను సమర్థించలేను. అయినా అతణ్నీ బాయ్స్‌నూ ఒకే గాటన కట్టడానికి మనసొప్పదు.

వీళ్లిద్దరి పక్కన, అమెరికా రక్షణ శాఖకు విశ్లేషకుడిగా పనిచేసిన డేనియల్ ఎల్స్‌బర్గ్‌ను నిలబెట్టి చూడాలి. వియత్నాం యుద్ధం గురించిన రహస్య నివేదిక, దాదాపు 7,000 పేజీలు, చదివి అతనూ అదే విధంగా మనసు విరిగినవాడే. కానీ అతను 1971లో దాన్ని తన దేశపు పత్రికలకే ఇచ్చి, బోస్టన్‌లో తనంతట తానే అధికారుల ముందు లొంగిపోయాడు. నేరం రుజువైతే వందేళ్లకు పైగా శిక్ష పడే అవకాశం ఉందని తెలిసి కోర్టులో నిలబడ్డాడు. ప్రభుత్వం అడ్డదారులు తొక్కిందని తేలడంతో 1973 మే నెలలో న్యాయమూర్తి ఆ కేసు కొట్టివేశాడు. రహస్యం బయటపెట్టినవాళ్లందరూ ద్రోహులేనని కొందరు వాదిస్తారు. తన ప్రజల ముందు పెట్టి శిక్షకు సిద్ధపడినవాణ్నీ, చీకట్లో పరాయివాడికి అమ్మి డబ్బు తీసుకున్నవాణ్నీ ఒకే పేరుతో పిలిచే వాదన నాకు ఏనాడూ సబబుగా తోచలేదు.

ఇదంతా ఎక్కడో జరిగిన సంగతి, మన గజపతి జిల్లాకు దీనితో ఏం పని అని అడిగేవాళ్లుంటారు. మనసు విరగడం గురించి మా ఊరికి తెలిసినంతగా మరే ఊరికీ తెలియదని నా నమ్మకం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, ఈ ఊళ్లోనే పంతులుగా పనిచేసి, సవరల భాషకు వ్యాకరణమూ నిఘంటువూ సమకూర్చిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ నిర్ణయాన్ని ఒప్పుకోలేక, జీవితమంతా గడిపిన ఊరిని ఆ ముసలితనంలో వదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అంతకంటే అలిగినవాడు ఎవరున్నారు? ఆ అలకను ఆయన దాచుకోలేదు, నలుగురికీ తెలిసేలా మూట కట్టుకుని వెళ్లిపోయారు. అలిగే హక్కు మనిషికి ఉండాలని నేను అనడానికి ఆయనే నాకు ఆధారం.

ఇప్పటి పిల్లల అలక వేరు. మహేంద్రతనయ నదికి ఈవల తెలుగు మాధ్యమంలో చదువుకున్న కుర్రవాడికి ఒడిశా ప్రభుత్వ ఉద్యోగమంటే ఒడియా ఏడో తరగతి స్థాయి వరకైనా చదివి ఉండాలన్న నిబంధన చాలాచోట్ల ఎదురవుతుంది. పక్కనే ఉన్న పాతపట్నం దాటి ఆంధ్రాలో దరఖాస్తు పెట్టబోతే నాన్‌లోకల్ అంటారు. రెండు వైపులా పనికిరాని కాగితాలు పట్టుకున్న పిల్లవాడికి మిగిలే ఆశ సైన్యం. తెల్లవారుజామున మైదానంలో 1.6 కిలోమీటర్ల పరుగు సాధన చేసే పిల్లల్లో సగంమంది ఈ లెక్క వేసుకుని వచ్చినవాళ్లే. కరోనా కాలంలో దాదాపు రెండేళ్లు రిక్రూట్‌మెంట్ ర్యాలీలు చాలావరకు జరగలేదు. దేహదారుఢ్య పరీక్షా వైద్య పరీక్షా గట్టెక్కి రాతపరీక్ష కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు, 2022 జూన్ 14న అగ్నిపథ్ (సైన్యంలోకి నాలుగేళ్లకే తీసుకునే కొత్త పథకం) ప్రకటన వచ్చాక ఆ పాత ఎంపికలన్నీ పోయాయని తెలిసింది. మూడు రోజులకు సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో మంటలు లేచాయి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు. రైళ్లు తగలబెట్టడాన్ని నేను మెచ్చుకోను. అయినా ఆ కోపం బహిరంగంగా ఉంది, అందరూ చూశారు, ప్రభుత్వం ఆ ఏటికి వయోపరిమితిని 21 నుంచి 23కు పెంచింది. నాకు భయం వేసేది వీధిలోకి రాని కోపం గురించి. మైదానానికి రావడం మానేసి, గది తలుపు వేసుకుని, రాత్రంతా ఫోన్ వెలుగులో కూర్చునే పిల్లవాడి గురించి.

అటువంటి పిల్లవాడొకడు నా దగ్గరికి వచ్చి ఫోన్ చూపించాడు. తక్కువ తేడాతో వయసు దాటిపోయి సైన్యానికి అనర్హుడైనవాడు. అతనితో మాట్లాడుతున్నది చండీగఢ్‌లో నర్సింగ్ చదువుతున్నానని చెప్పుకున్న ఒక అమ్మాయి ఖాతా. నెలల తరబడి సాగిన సందేశాలను వెనక్కి జరుపుతూ చదివాను. మొదట్లో పరుగు ఎలా సాగుతోంది, కాలి నొప్పి తగ్గిందా అన్న ప్రశ్నలే. అనర్హుడని తేలిన రోజు రాత్రి ఆ పిల్లవాడు రాసిన పొడవాటి సందేశం ఉంది. అందులో ప్రభుత్వాన్నీ, తండ్రినీ, తన పుట్టుకనూ తిట్టుకున్నాడు. దానికి వచ్చిన జవాబు చాలా మెత్తగా ఉంది. "నీలాంటివాణ్ని వదులుకున్న దేశానిదే నష్టం" అన్న అర్థం వచ్చే మాట హిందీలో రాసి ఉంది. ఆ తరువాత కొద్ది రోజులకు, సైన్యంలో ఉన్న అతని పెదనాన్న కొడుకు ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నాడన్న ప్రశ్న వచ్చింది. ఆ తరువాత, తన ఫోన్ పోయిందనీ, ఒక నంబరుకు వచ్చే ఓటీపీ చెబితే చాలనీ, ఖర్చులకు 500 రూపాయలు పంపిస్తాననీ. పిల్లవాడు అక్కడ ఆగి నా దగ్గరికి వచ్చాడు.

ఆ ఖాతా వెనక ఉన్నది గూఢచారియో సాధారణ మోసగాడో చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు. "ఇన్నాళ్లూ ఎందుకు మాట్లాడావురా?" అని అడిగాను. "రోజూ అడుగుతాది మాస్టారూ, తిన్నావా అని. ఇంట్లో ఎవలూ అడగరు" అన్నాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు.

ఓటీపీ అడగడం చిన్న విషయంలా కనిపిస్తుంది. 2023 మే నెలలో ఒడిశా స్పెషల్ టాస్క్ ఫోర్స్ ముగ్గురిని అరెస్టు చేసినప్పుడు వాళ్ల మీద మోపిన ఆరోపణ సరిగ్గా ఇదే. ఇతరుల పేర్ల మీద సిమ్‌లు సంపాదించి, వాటికి వచ్చే ఓటీపీలను పాకిస్తాన్ గూఢచారులకు అమ్మారన్నది అభియోగం. ఆ ఓటీపీతో సరిహద్దు అవతల కూర్చున్నవాడు భారతీయ నంబరు మీద వాట్సాప్ ఖాతా తెరుస్తాడు. ఆ ఖాతా నుంచి ఒక సైనికుడికో నావికుడికో సందేశం వెళితే, నంబరు ముందు +91 చూసి అవతలివాడు అనుమానించడు. మా ఊరి పిల్లవాడు 500 రూపాయలకు చెప్పిన ఆరంకెలు ఎక్కడో యుద్ధనౌక మీదున్న ఇంకొక తెలుగు పిల్లవాణ్ని పట్టే గాలం కావచ్చు. ఈ సంగతి పిల్లలకు ఇంత విడమరిచి చెప్పినవాళ్లు నాకు కనబడలేదు, జాగ్రత్త అని మాత్రం అందరూ అంటారు.

గాలానికి చిక్కినవాళ్ల కథ మనకు దగ్గరిదే. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ నిఘా విభాగం 'డాల్ఫిన్స్ నోస్' పేరుతో జరిపిన ఆపరేషన్‌లో ఏడుగురు నౌకాదళ సిబ్బందినీ ఒక హవాలా వ్యాపారినీ అరెస్టు చేశారు. సామాజిక మాధ్యమాల్లో స్త్రీల పేరుతో పరిచయమై, మాటల్లో దించి, ఆపై బెదిరించి నౌకల కదలికలు రాబట్టారన్నది ఆరోపణ. అదే నెలలో నౌకాదళం తన స్థావరాల్లోనూ ఓడల్లోనూ స్మార్ట్‌ఫోన్లనూ ఫేస్‌బుక్‌నూ నిషేధించింది. ఇక మా రాష్ట్రంలోని చాందీపూర్ క్షిపణి పరీక్షా కేంద్రంలో 2015లో అరెస్టయిన ఒక కెమెరామన్‌కు బాలాసోర్ కోర్టు 2021లో యావజ్జీవ శిక్ష వేసింది. ఆ ఏడాది సెప్టెంబరులోనే అదే కేంద్రంలో ఇంకొందరు ఉద్యోగులు అరెస్టయ్యారు. కెమెరామన్‌దీ కాంట్రాక్టు ఉద్యోగమే, తరువాత పట్టుబడినవాళ్లవీ కాంట్రాక్టు ఉద్యోగాలే. వాళ్ల మనసుల్లో ఏముందో నేను చెప్పలేను, నేరానికి అది సాకు కూడా కాదు. కానీ దేశంలోనే అతి ముఖ్యమైన రహస్యాల పక్కన, రేపటికి ఉంటుందో లేదో తెలియని ఉద్యోగంలో మనుషులను నిలబెట్టడం గురించి ఒక్క అధికారైనా ఆలోచించాడా అని అడిగే హక్కు పౌరుడిగా నాకుంది.

అరెస్టయిన ప్రతివాడినీ ద్రోహి అనేయడం కూడా పెద్ద తప్పే. ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌ను 1994లో గూఢచర్యం పేరుతో అరెస్టు చేశారు. ఆ ఆరోపణలు అబద్ధమని సీబీఐ 1996లో చెప్పింది, 50 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2018లో ఆదేశించింది. ఈ నడుమ గడిచిన కాలాన్ని ఆయన కుటుంబానికి ఎవరు తిరిగి ఇస్తారు? మా ఊరి టీ కొట్టు దగ్గర తీర్పులు చెప్పేవాళ్లకు ఈ పేరు నేను తరచూ గుర్తుచేస్తుంటాను. ఇటువంటి కేసుల్లో వాడే అధికార రహస్యాల చట్టం 1923 నాటిది, తెల్లవాళ్లు తమ పాలనను కాపాడుకోవడానికి చేసుకున్నది. రక్షణ సంబంధమైన గూఢచర్యానికి దాని కింద 14 ఏళ్ల వరకు శిక్ష ఉంది, ఇతర చట్టాల సెక్షన్లు తోడైతే యావజ్జీవం కూడా పడవచ్చు.

ఆ చట్టంలో లేనిది ఒకటుంది. తెలియకో, కోపంలోనో, ఒంటరితనంలోనో మొదటి తప్పు చేసినవాడు మర్నాడే వచ్చి ఒప్పుకుంటే అతని గతేమిటన్నది ఎక్కడా స్పష్టంగా లేదు. అవతలివాడు సరిగ్గా దీన్నే వాడుకుంటాడు. మొదటి ఫోటోనో మొదటి ఓటీపీనో అందిన మరుక్షణం అతని గొంతు మారుతుంది, "నువ్విప్పుడు మావాడివి, పోలీసుల దగ్గరికి వెళితే జైలుకు పోయేది నువ్వే" అంటాడు. ఆ మాటలో అబద్ధం లేదని పిల్లవాడికి తెలుసు, కాబట్టి రెండోది కూడా ఇస్తాడు. 500 రూపాయల తప్పు 14 ఏళ్ల నేరంగా ఎదిగేది ఈ భయంతోనే, ద్వేషంతో కాదు. సెనేట్ ముందు బాయ్స్ చెప్పిన ఊడిగం కూడా ఈ ఉచ్చే.

అందుకని మా జిల్లా పోలీసు అధికారులకు ఒక విన్నపం రాసి ఇచ్చాను. గోపాల్‌పూర్ రిక్రూటింగ్ ఆఫీసు నుంచి తిరస్కరణతో తిరిగొచ్చిన పిల్లలు ఎక్కువగా చేరే మైదానాల్లోనూ కోచింగ్ సెంటర్లలోనూ ఒడియాతోపాటు తెలుగులో కూడా సభలు పెట్టాలని మొదట అడిగాను. ఆ సభల్లో శిక్షల గురించి బెదిరించడం కంటే ముందు, తప్పటడుగు వేసి తనంతట తాను వచ్చి చెప్పినవాణ్ని సాక్షిగా చూస్తారా ముద్దాయిగా చూస్తారా అన్న ప్రశ్నకు అధికారి నోటితో సూటిగా జవాబు చెప్పాలని అడిగాను. ఫోన్ చూపించిన పిల్లవాడు నాతోపాటు వచ్చి, తన పేరు రాయవద్దంటూనే ఆ సందేశాల ప్రతులను విన్నపానికి జతచేశాడు. మేము వాటిని ఇచ్చి బయటికి వస్తుంటే మైదానంలో పరుగెత్తే ఇంకొక కుర్రవాడు గేటు దగ్గర నన్ను ఆపి, ఓటీపీ ఇంతకుముందే ఇచ్చేసినవాళ్లు ఏం చెయ్యాలని అడిగాడు. ఎవరి గురించి అడుగుతున్నాడో నేను అడగలేదు. అతణ్ని తీసుకుని మళ్లీ లోపలికి వెళ్లాను.